నాణెం వచ్చింది, నేల రాలేదు

తెలుగు నేలలో రోము నాణేలు దొరికాయంటే ఇప్పుడెవరూ ఉలిక్కిపడరు. ఉమ్మడి నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటే 1,531 వెండి దెనారియస్‌లు బయటపడ్డాయి. పెదబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు వేల సంఖ్యలో దొరికాయి, వాటితోపాటు అగస్టస్, టిబీరియస్ చక్రవర్తుల నాణేలూ వచ్చాయి. మెదక్ వైపు కొండాపూర్‌లో అగస్టస్ బంగారు నాణెం దొరికింది, రోము నాణేన్ని చూసి మట్టితో అచ్చుపోసిన బిళ్లలూ దొరికాయి. నాగార్జునకొండలో బంగారు నాణేలు దొరికితే, ఖమ్మం పొరుగునే ఉన్న ఫణిగిరిలోనూ ఒకటి దొరికింది. ఇంత సొమ్ము నడిచొచ్చిన దారిలో, కలిగిన రోము కుటుంబం ఇంట అడుగుపెట్టగానే కంటపడే వస్తువు ఒకటి మాత్రం రాలేదు. దేవుళ్ల కథలు పరిచిన మొజాయిక్ నేల అది. దక్కను అంతటా ఒక్కటీ లేదు. మన చరిత్రకారులు రోము వర్తకం గురించి ఎంతో రాశారు కానీ ఈ లేకపోవడం గురించి పెద్దగా ఆలోచించలేదు. వచ్చినవాటి పట్టికకంటే రానిదాని సంగతే ఆనాటి సంబంధం ఎలాంటిదో బాగా చెబుతుందని నా అనుమానం.

ఈ ప్రశ్నను ఖమ్మం, భద్రాచలం అడవంచున నిలబడి అడగడానికి కారణం ఉంది. కృష్ణా తీరపు రేవులకూ గోదావరి అడవులకూ నడుమ ఉన్న ఈ పట్టీలో మూడు రకాల పాత నేలలున్నాయి. ఖమ్మానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో నేలకొండపల్లిలో ఇటుకలతో కట్టిన పెద్ద బౌద్ధ స్తూపం, విహారాల పునాదులు, మట్టికోట ఆనవాళ్లు ఉన్నాయి. పినపాక, మంగపేట వైపు అడవుల్లో ఇనుప యుగపు రాతి సమాధులున్నాయి. దుమ్ముగూడెం మండలం పర్ణశాలలో సీతమ్మ నారచీరలు ఆరేసుకుందని చూపించే చారల బండలున్నాయి. ఈ మూడింటికీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు పైనుంచి ఒక కథ తొడిగారు. రోములో కథను నేలలోనే పొదిగేవారు. పోలికా తేడా రెండూ ఇక్కడే పట్టుకోవాలి.

ముందు ఆ నేల సంగతి. రోము మేస్త్రీ మొజాయిక్ పరిచే పద్ధతిని క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో వివరంగా రాశాడు. నేల దిమ్మిస కొట్టి, పిడికెడంత రాళ్లు పరిచి, దానిమీద రాళ్ల ముక్కలూ సున్నమూ కలిపి దట్టించాలి. ఆపైన మూడు పాళ్ల ఇటుక పొడికి ఒక పాలు సున్నం కలిపిన పొర వేయాలి. దాని మీదనే రంగురాళ్ల పలుకులు. ఇది చదివిన తెలుగు మేస్త్రీకి కొత్తగా అనిపించేది ఏమీ లేదు. సుర్కీ, గానుగ సున్నం, దిమ్మిస అన్నీ మనకు తెలిసినవే. శాతవాహనుల కాలానికి ఇక్కడ ఇటుక ఉంది, సున్నం ఉంది, పల్నాటి సున్నపురాయి ఉంది, పూసలు చేసే ఎర్రరాయి ఉంది, గాజు ఉంది. సరుకు కరువై మొజాయిక్ రాలేదనడానికి వీల్లేదు. (1980ల్లో మన పట్టణాల ఇళ్లలో 'మొజాయిక్ చేయించాం' అని గొప్పగా చెప్పుకున్నది వేరే సంగతి. అది పాలరాతి చిప్స్ సిమెంటులో కలిపి మిషనుతో పాలిష్ పట్టిన నేల. దానిలో బొమ్మ లేదు, కథ లేదు.)

ఆ నేల ఎంత దూరం వెళ్లిందో చూస్తే మనదాకా ఎందుకు రాలేదో తెలుస్తుంది. పడమటి చివర ఇంగ్లండు. 2020లో అక్కడ రట్లాండ్ కౌంటీలో ఒక పొలం కింద సుమారు 11 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పున్న మొజాయిక్ బయటపడింది. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటిది. మూడు పలకల్లో ట్రాయ్ యుద్ధం చివరి ఘట్టం నడుస్తుంది. అకిలీజ్, హెక్టర్ రథాల మీద పోరాడతారు, హెక్టర్ శవాన్ని ఈడ్చుకుపోతారు, చివరికి ముసలి తండ్రి ప్రయామ్ కొడుకు శవానికి సరితూగే బంగారం తూచి ఇస్తాడు. అది భోజనశాల నేల. అతిథులు పడక బల్లల మీద ఒరిగి తింటూ తాగుతూ కింద ఈ కథను చూసేవారు. బ్రిటన్ రోము పాలనలో ఉన్న నేల. అధికారులు, సైనికులు, వాళ్లను చూసి నేర్చుకున్న స్థానిక భూస్వాములు ఆ నేలను తెచ్చుకున్నారు.

తూర్పున సరిహద్దు దాటాక లెక్క మారుతుంది. అఫ్గానిస్తాన్‌లోని ఐ ఖానుమ్ రోముకంటే ముందటి గ్రీకు నగరం. 1960ల, 70ల్లో ఫ్రెంచివాళ్లు తవ్వితే రాజభవనం స్నానాల గదుల్లో గులకరాళ్ల మొజాయిక్ కనిపించింది. దానిమీద డాల్ఫిన్లు, పీత, సముద్రపు గుర్రాలు ఉన్నాయి. సముద్రమే లేని చోట సముద్ర జంతువుల బొమ్మలేమిటంటే, అక్కడ స్థిరపడిన గ్రీకులు తమ ఇంటి అలవాటు వదులుకోలేదు. వ్యాయామశాల కట్టుకున్నారు, నాటకశాల కట్టుకున్నారు, నేలా పరుచుకున్నారు. ఇరాన్‌లోని బిషాపూర్ కథ ఇంకో రకం. 260లో సాసానీ చక్రవర్తి మొదటి షాపూర్ రోము చక్రవర్తి వలేరియన్‌నే బందీగా పట్టుకున్నాడు. ఆంటియోక్ వంటి పట్టణాల నుంచి జనాన్ని తరలించి తన దేశంలో ఉంచాడు. ఆ తరువాత కట్టిన బిషాపూర్ భవనంలో రోము తరహా మొజాయిక్‌లు వెలిశాయి. వాటిమీద ముఖాలు, నర్తకులు, వీణ మీటే స్త్రీలు ఉన్నారు. పనివాళ్లు చేతికి చిక్కారు, రాజుకు మోజు కలిగింది, నేల తయారైంది.

ఈ రెండు ఉదాహరణలూ ఒకే మాట చెబుతున్నాయి. నాణెం సంచీలో వస్తుంది, సీసా పడవలో వస్తుంది, బొమ్మ మనసులో వస్తుంది. మొజాయిక్ రావాలంటే దాన్ని పరిచే చేతులు రావాలి, దానిమీద కూర్చుని తినే మనుషులు కాపురం ఉండాలి. దక్కనుకు వచ్చిన యవనులు, అంటే గ్రీకు, రోము దేశాలవాళ్లు, కాపురం ఉన్నారా? ఉన్నారనే చెప్పాలి. మహారాష్ట్రలోని కార్లే గుహలో స్తంభాలకు దానమిచ్చినవారిలో 'ధేనుకాకట యవనులు' ఉన్నారు. ఆ ధేనుకాకటమే మన ధరణికోట అని కొందరు పాత పండితులు వాదించారు. ఆ వాదన ఇప్పుడు బలహీనపడింది. అది ఎక్కడున్నా, అక్కడి యవనులు కొందరు భారతీయ పేర్లు పెట్టుకుని బౌద్ధ సంఘానికి స్తంభాలు చేయించారు. నాగార్జునకొండలో ఆభీర రాజు వసుషేణుని శాసనంలో సంజయపురి యోన (యవన) రాజులు అష్టభుజస్వామి చెక్క విగ్రహం ప్రతిష్ఠించినవారి పేర్లలో కనిపిస్తారు. యవనుడు వచ్చి విష్ణు విగ్రహం నిలబెట్టాడు. ఇంట్లో తమ మద్యపు దేవుడు బాకస్ కథ పరుచుకోలేదు. వచ్చినవాళ్లు తమ అలవాటు మోసుకు రాకుండా ఇక్కడి అలవాటులో కలిసిపోయారన్నది నా నిర్ధారణ. ఇది మన గొప్పేమీ కాదు. అప్పట్లో ఇక్కడ గౌరవం పొందాలంటే అదే తోవ, వర్తకుడికి గౌరవం పెట్టుబడి.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. రోము నేలల మీద మనం ఉన్నాం. బాకస్ లేదా డయోనిసస్ భారతదేశాన్ని జయించి తిరిగొచ్చాడన్న కథ వాళ్లకు చాలా ఇష్టం. సైప్రస్‌లోని పాఫోస్‌లో 1962లో పొలం చదును చేస్తుంటే బయటపడిన ఇంట్లో చిరుతపులులు లాగే రథం మీద డయోనిసస్ వస్తుంటాడు, నల్లని భారతీయ బందీలు వెంట ఉంటారు. ఉత్తర ఆఫ్రికా పట్టణాల్లోనూ అదే ఊరేగింపు. సిసిలీలోని పియాజ్జా అర్మెరీనా భవంతిలో పెద్ద వేట వసారా చివర ఏనుగు దంతం పట్టుకుని, పక్కన ఏనుగూ పులీ ఉన్న స్త్రీ ఒకతె కూర్చుని ఉంటుంది. ఆమె భారతమాతా, ఆఫ్రికా మాతా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఈ కథల మధ్యనే ప్లినీ అనే రోము రచయిత, భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్ లాగేస్తోందని వాపోయాడు. నేల మీద మనం బందీలం, లెక్కల పుస్తకంలో వాళ్లు బాకీదారులు. లెక్కల పుస్తకాన్నే నమ్మాలని ఆర్థిక చరిత్ర చదివినవాడెవడైనా చెబుతాడు. అక్కెనపల్లి నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖం మీద ఉలితో గాటు పెట్టారు. లోపల వెండా, పైపూతా అని పరీక్షించడానికని ఒక వాదం, పరాయి రాజు అధికారాన్ని రద్దు చేయడానికని మరో వాదం. మొదటిదే నాకు ఒప్పు. వర్తకుడికి కావలసింది వెండి, దాని మీద ఎవరి బొమ్మ ఉంటే ఏం?

ఇక ఆ డయోనిసస్ మన దగ్గరికి ఎలా వచ్చాడో చూడండి. 1926లో సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు నాగార్జునకొండ శిథిలాల సంగతి ప్రభుత్వం చెవిన వేశాడు. ఆ తరువాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో, శాతవాహనుల తరువాత అక్కడ ఏలిన ఇక్ష్వాకుల భవనం ఉన్న చోట దొరికిన స్తంభాల మీద రెండు విదేశీ రూపాలు కనిపించాయి. ఒకటి శక సైనికుడిది. రెండోది గడ్డంతో, సగం వంటి మీద బట్ట లేకుండా, చేత తాగుడు కొమ్ము పట్టిన మనిషిది, పక్కన మధుపాత్ర కూడా ఉంది. ఇతన్ని డయోనిసస్ అన్నారు. ఆ ఊహ నిలబడుతుంది. అతను ఎవరినీ జయించి రాలేదు, బందీలు లేరు, పులుల రథం లేదు. రాజుగారి మండపంలో ఒక స్తంభం మీద తాగుతూ నిలబడ్డాడు. వాడి కథ ఇక్కడ ఎవరికీ అక్కరలేదు, వాడి రూపం మాత్రం ముచ్చటగా ఉందని శిల్పి వాడుకున్నాడు.

బొమ్మ స్తంభానికి ఎక్కింది, నేలకు దిగలేదు. దీనికి మరో కారణం కూడా ఉంది, అది కాళ్ల సంగతి. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు నేల మీద బొమ్మ చెక్కలేదని కాదు. మెట్ల ముందు అర్ధచంద్రాకారపు బండల మీద ఏనుగులు, ఎద్దులు, సింహాలు వరసకట్టి ఉంటాయి. జంతువుల మీద కాలు వేసి లోపలికి వెళ్లడానికి అభ్యంతరం లేదు. బుద్ధుడి పాదముద్రల మీద కాలు వేయడం మాత్రం ఊహకు కూడా అందదు, వాటికి మొక్కాలి. రోమువాడికి సముద్రదేవుడి గడ్డం మీద నడవడం మామూలు. అయితే ఆ అలవాటు కూడా శాశ్వతం కాలేదు. 427లో రెండో థియోడోసియస్ చక్రవర్తి క్రీస్తు గుర్తును నేల మీద చిత్రించకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. దేవుడి మీద నమ్మకం గట్టిపడ్డ చోట దేవుడు నేల నుంచి లేచి గోడకెక్కుతాడని ఆ ఆజ్ఞ చూసి అనుకోవచ్చు.

ఇప్పుడు మన అడవిలోకి వద్దాం. ఎందుకంటే రోము పిచ్చి ఇక్కడికీ వచ్చింది, కాస్త వేరే వేషంలో. 1860ల్లో మల్హెరన్ అనే సర్వేయరు గోదావరి ఒడ్డున మంగపేట, కాటాపూర్ ప్రాంతాల్లో రాతి సమాధులు చూశాడు. వాటి పక్కన మనిషిని మించిన ఎత్తున శిలువ ఆకారపు రాళ్లు నిలబడి ఉన్నాయి. ఆ రాళ్ల బొమ్మలు 1872లో జేమ్స్ ఫెర్గూసన్ ప్రపంచ రాతి సమాధుల మీద వేసిన పుస్తకంలో అచ్చయ్యాయి. ఫెర్గూసన్ వాటిని చూసి, ఈ అడవుల్లో ఒకప్పుడు క్రైస్తవులుండేవారని తేల్చేశాడు. ఏకంగా ఒక క్రైస్తవ సమాజాన్నే ఊహించాడు. ఇప్పుడు వాటిని చూసేవాళ్లకు శిలువ కనిపించదు, చేతులు చాచిన మనిషి కనిపిస్తాడు. రెండు చేతులు, తల, కొన్ని చోట్ల స్త్రీ రూపం కూడా స్పష్టంగా తెలుస్తాయి. ఇనుప యుగంలో పోయినవాళ్ల కోసం నిలిపిన మనిషి రాళ్లవి. యూరపు నుంచి వచ్చినవాడికి ఎక్కడ చూసినా యూరపే కనిపించడం అప్పట్లో జబ్బు. పురావస్తు శాస్త్రవేత్త వీలర్ వంటి మహామహుడు కూడా 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ఇటలీ ఎర్రకుండల ముక్కలు చూసి, అదొక రోము వర్తక స్థావరమని ధీమాగా రాశాడు. తరువాతి తవ్వకాలు అక్కడి ఊరు రోము వర్తకానికి ముందునుంచే ఉందని తేల్చాయి. ఈ వైపు ప్రతిస్పందన కూడా అంతే దూరం పోయింది. ఇప్పుడు మన పత్రికలు ప్రతి నాణేనికీ 'రోముతో తెలంగాణ బంధం' అని శీర్షిక పెడుతున్నాయి. ఒక్క నాణెం చేతులు మారుతూ వెయ్యి మైళ్లు రాగలదు, ఇది మరిచిపోకూడదు.

ఫెర్గూసన్‌ను వెక్కిరించే ముందు మన అలవాటు కూడా చూసుకోవాలి. అవే రాతి సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లన్నారు, పాండవుల గుళ్లన్నారు. నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపపు ఇటుకల దిబ్బ విరాటరాజు దిబ్బ అయింది, కీచకుడి గుండం కూడా పక్కనే ఉంది. పాండవులు అజ్ఞాతవాసం చేసింది ఇక్కడేనని ఊరంతా నమ్మకం. ఊరివాడే అయిన కంచెర్ల గోపన్న, మన భక్త రామదాసు, 17వ శతాబ్దంలో ఇక్కడి నుంచి వెళ్లి భద్రాచలంలో రాముడి గుడి కట్టించాడు. రామదాసు చిన్నప్పుడు కాళ్లాడించిన నేల కింద బుద్ధుడి విహారాలున్న సంగతి ఆయనకు తెలిసే అవకాశం లేదు. భారతం పేరు పెట్టడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. విరాటరాజు సొత్తు అనుకున్న దిబ్బను ఇళ్లకు ఇటుకలు పీక్కోవడానికి పూర్తిగా వదిలేయలేదు. గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇక్కడ తవ్వకాలు జరిగితే మహాస్తూపం, విహారాలు, నీటి తొట్లు, మట్టి బొమ్మలు, కంచు బుద్ధుడు దొరికారు. 3, 4 శతాబ్దాల నాటివని చెబుతారు, అంటే ఇక్ష్వాకుల కాలం. రట్లాండ్‌లో హెక్టర్ శవాన్ని తూచిన నేల పరిచింది కూడా దాదాపు అప్పుడే.

పర్ణశాల బండల దగ్గర ఈ అలవాటు పరాకాష్ఠకు చేరింది. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు వెళితే సీతవాగు ఒడ్డున చారలున్న రాళ్లు కనిపిస్తాయి. అవి సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న గుర్తులంటారు. పక్కన పసుపు రాళ్లు, కుంకుమ రాళ్లు చూపిస్తారు. చేయి తిరిగిన పనివాడెవడూ రంగురాళ్లు పేర్చలేదు, రాతి పొరలే వేర్వేరు రంగుల్లో ఉన్నాయి. జనం వాటిని రామాయణంగా చదువుకున్నారు. పరిచిన నేలలో బొమ్మ చేసినవాడి కథ ఒక్కటే కనిపిస్తుంది. దొరికిన నేలలో ఎవరి కథ వాళ్లు చూసుకోవచ్చు, రేపు మార్చుకోవచ్చు. మొజాయిక్‌కు ఆ వీలు లేదు. అందుకే మొజాయిక్‌ను చరిత్రకారుడు ఆధారంగా వాడుకోగలడు, పర్ణశాల బండను వాడుకోలేడు. భక్తుడికి మటుకు బండే మేలు. గైడు చెప్పే కథను కొట్టిపారేయాలని నాకు లేదు. దాన్ని చరిత్ర పాఠంలోకి తేవద్దని మాత్రమే నా మొర.

రోము నేలకూ మన నేలకూ నేరుగా పోలిక కుదిరేది నీళ్ల దగ్గర. తుర్కియేలో యూఫ్రటీస్ ఒడ్డున జ్యూగ్మా అనే రోము పట్టణం ఉంది. 2000లో బిరెజిక్ డ్యాము నీళ్లు అక్కడికి చేరాయి. చివరి నెలల్లో తవ్వకందార్లు ఉరుకులు పరుగుల మీద మొజాయిక్‌లను కోసి లేపారు. అందులో డయోనిసస్ కూడా ఉన్నాడు. 2011లో గాజీయాంటెప్‌లో వాటికోసం పెద్ద మ్యూజియం తెరిచారు. అంతకు దాదాపు అర్ధశతాబ్దం ముందే మనం అదే పని చేశాం. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో, నాగార్జునసాగర్ డ్యాము నీట మునగబోయే నాగార్జునకొండ లోయ అంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపు ఒడ్డుకు తరలించారు. కొమ్ము పట్టిన ఆ తాగుబోతు స్తంభం ఇప్పుడు దీవిగా మారిన ఆ కొండ మీది మ్యూజియంలో ఉంది. జ్యూగ్మా తవ్వకాన్ని ప్రపంచమంతా కథలుగా రాసుకుంది. నాగార్జునకొండను మనం పర్యాటక శాఖ బ్రోచర్‌కు వదిలేశాం. భద్రాచలం దిగువన మళ్లీ అదే పరిస్థితి. 2014లో పోలవరం ముంపు కోసం ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర పెద్దరాతి యుగం సమాధులు ఆ ముంపు నేలలోనే ఉన్నాయి. ముంపు ఊళ్ల కోయ, కొండరెడ్డి కుటుంబాల పునరావాసం గురించి జరిగే మాటల్లో పదో వంతు కూడా వాళ్ల నేల కింద ఏముందన్న దాని గురించి జరగలేదు. బతికున్నవాళ్ల గోడు ముందు రావడం న్యాయమే. కానీ తవ్వడానికి మళ్లీ అవకాశం రాదు.

నా వాదం తప్పని తేలాలంటే ఏం దొరకాలో కూడా చెప్పి ముగిస్తాను. బొమ్మ ఒకటి చాలదు, రోము తరహా ఎర్రకుండ చాలదు, మరో వంద నాణేలు చాలవు. కొండాపూర్‌లోనో ఘంటసాల రేవులోనో ఒక గదిలో దిమ్మిస నేల మీద రాళ్లు, సుర్కీ, సున్నం మూడు పొరలుగా పరిచి ఉండాలి. పక్కనే కోసిన రాతి పలుకుల వ్యర్థం కుప్పగా దొరకాలి, ఎందుకంటే పనివాడు అక్కడే కూర్చుని పలుకులు కొట్టి ఉంటే మిగిలిపోయినవి అక్కడే పడి ఉంటాయి. అది దొరికిన రోజున, యవనుడొకడు తెలుగుదేశంలో తన ఇంటి భోజనశాలలో తన కథ మీద కూర్చుని తిన్నాడని ఒప్పుకుంటాను. తెలంగాణ పురావస్తు శాఖ కొండాపూర్ దిబ్బలను మిగిలిన మేరకు తవ్వితే ఈ ప్రశ్నకు జవాబు అక్కడే దొరకవచ్చు. ఆ దిబ్బల్లో చాలా భాగం ఇంకా తవ్వనే లేదు.